ఎన్‌సీసీ బోర్డు ఎందుకు వెనక్కి వచ్చింది?

ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్) జెండా ఉన్న మీ విశాఖ పాఠశాల బోర్డును ‘రంగులు తప్పు’ అని తిప్పి పంపారంటే, చిక్కు చాలావరకు రెండు నీలాల దగ్గరే. నేవీ విభాగం కదా అని పెయింటర్ ముదురు నీలాన్ని మొదటికి తెచ్చి ఉంటారు.

1. జెండాలో నిలువు పట్టీలు ఎడమ నుంచి: ఎరుపు (సైన్యం), ముదురు నీలం (నౌకాదళం), లేత నీలం (వాయుసేన). విభాగం ఏదైనా ఈ వరుస మారదు.

2. అందరూ వదిలేసేది ఇదే: ఫ్లెక్స్ మీద రెండు నీలాలు కలిసిపోతాయి. ముందు చిన్న ముక్క ముద్రించి, ఎండలో, గేటు బయట నిలబడి చూడండి. తేడా తెలియకపోతే లేత నీలాన్నే ఇంకా తేలిక చేయించండి. ముదురు దాన్ని కదిలించవద్దు.

3. మధ్యలో బంగారు రంగు ఎన్‌సీసీ అక్షరాలు, చుట్టూ 17 తామరలు. అవి ఎన్‌సీసీ 17 డైరెక్టరేట్లకు (ప్రాంతీయ కార్యాలయాలకు) గుర్తు, లెక్క తగ్గకూడదు.

లంగరు బొమ్మ కలపాలన్న ఉత్సాహం మాత్రం ఆపుకోండి.