ఎక్సెల్‌ను ఈఆర్‌పీతో కలిపే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఉద్యోగులు రోజూ వాడే ఎక్సెల్, అవుట్‌లుక్‌లను మీ సంస్థ ఈఆర్‌పీ వ్యవస్థతో (ఖాతాలు, నిల్వలు, బిల్లులు అన్నిటినీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్‌తో) అనుసంధానించే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఏ సాధనం కొనాలన్న చర్చ మొదలయ్యే లోపే ఒక విషయం రాతపూర్వకంగా తేల్చుకో. ఖాతాదారు చిరునామా, సరుకు ధర, ఖర్చు పద్దు వంటి ప్రతి సమాచారానికీ అసలు ప్రతి ఎక్కడ ఉంటుంది, దాన్ని మార్చే హక్కు ఎవరికి ఉంటుంది అన్నదే ఆ విషయం. అసలు ప్రతి ఈఆర్‌పీలోనే ఉండాలని, ఎక్సెల్ దాన్ని చూడడానికీ, మార్పును ప్రతిపాదించడానికీ మాత్రమే ఉపయోగపడాలని నా దృఢమైన అభిప్రాయం.

చదవడం, అంటే ఈఆర్‌పీ నుంచి ఎక్సెల్‌లోకి సమాచారం తేవడం, తేలికైన సగం. ఓడీబీసీ, ఓడేటా అనే ప్రామాణిక అనుసంధాన మార్గాల్లో ఏదో ఒకదాని ద్వారా, ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీ అనే సాధనంతో దాన్ని తెచ్చుకోవచ్చు. అయితే ఆ కనెక్షన్‌కు చదివే అనుమతి మాత్రమే ఇవ్వు. వీలైతే అసలు డేటాబేస్ మీద కాకుండా దాని నకలు మీద నడిపించు, ఎందుకంటే నెలాఖరున పదిమంది ఒకేసారి రిఫ్రెష్ నొక్కితే బిల్లింగ్ మందగిస్తుంది.

రాయడం, అంటే ఎక్సెల్ నుంచి ఈఆర్‌పీలోకి పంపడం దగ్గరే అసలు కష్టం. ఒక ఇన్వాయిస్ నమోదైతే లెడ్జర్, నిల్వలు, పన్ను, వరుస సంఖ్య అన్నీ కలిసి కదలాలి కాబట్టి, తొందరగా అవుతుందని ఎవరు చెప్పినా డేటాబేస్ పట్టికల్లోకి నేరుగా రాయనివ్వకు. ఆ వ్యవస్థ తానే ఇచ్చే మార్గం గుండానే, ఎస్‌ఏపీ సంస్థ ఈఆర్‌పీ అయితే బీఏపీఐ (బయటి ప్రోగ్రాముల కోసం అది ఇచ్చే అధికారిక ద్వారం) వంటి వాటి గుండానే పంపు. అప్పుడే దాని తనిఖీలన్నీ జరుగుతాయి. ప్రతి లావాదేవీకీ ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య జతచేయడం మరవకు. జవాబు రావడం ఆలస్యమైతే వాడేవారు మళ్లీ బటన్ నొక్కుతారు. ఆ సంఖ్యను చూసి రెండో నమోదును తిరస్కరించే ఏర్పాటు లేకపోతే ఒకే బిల్లు రెండుసార్లు పడుతుంది. తప్పు జరిగినప్పుడు ఏ వరుసలో, ఏ కారణంతో ఆగిందో ఆ షీట్‌లోనే మామూలు మాటల్లో కనిపించాలి.

ఎక్సెల్ స్వభావాన్ని నీవు బాగా ఎరిగి ఉండాలి. సీఎస్‌వీ ఫైలును (విలువలను కామాలతో విడదీసి రాసిన సాదా ఫైలును) ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే 00452 అన్న కోడ్ 452గా మారిపోతుంది. సంఖ్యలో 15 అంకెలే నిలుస్తాయి కనుక 16 అంకెల ఖాతా సంఖ్యలో చివరి అంకె సున్నా అవుతుంది. 3/4 అన్న తేదీ ఒక కంప్యూటర్‌లో ఏప్రిల్ మూడు, మరో కంప్యూటర్‌లో మార్చి నాలుగు. అందుచేత కోడ్‌లను అక్షర రూపంలోనే తెప్పించు, తేదీలను సంవత్సరం, నెల, రోజు వరుసలో పంపించు. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. 2020లో ఇంగ్లండ్‌లో ఈ పరిమితి వల్లే దాదాపు 16,000 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కలోకి రాలేదు, వారితో కలిసి తిరిగినవారిని వెతకడం ఆలస్యమైంది. పంపిన వరుసల సంఖ్యను, మొత్తం సొమ్మును అవతల చేరినవాటితో ప్రతిసారీ సరిపోల్చే తనిఖీ పెట్టమని నేను ఇంతగా పట్టుబట్టడం అందుకే.

అందరూ ఒకే లాగిన్ వాడే పద్ధతిని ఒప్పుకోవద్దు. ఎవరి హక్కులతో వారే ప్రవేశిస్తేనే ఎవరు ఏం మార్చారో ఆడిట్‌లో తెలుస్తుంది. మాక్రోలో (ఎక్సెల్‌లో పనులను దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాములో) పాస్‌వర్డ్ రాసి ఉంచడం భద్రతకు ముప్పు, నిర్వహణకు భారం కూడా. 2022 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ తన ఈమెయిల్ సేవ ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో బేసిక్ అథెంటికేషన్‌ను (ప్రతిసారీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ నేరుగా పంపే పాత లాగిన్ పద్ధతిని) నిలిపివేయసాగింది. దాని మీద ఆధారపడిన పాత స్క్రిప్టులను ఆధునిక పద్ధతికి మార్చక తప్పలేదు.

మొదటి ప్రయత్నానికి చిన్న పనిని ఎంచుకో. 2006లో మైక్రోసాఫ్ట్, ఎస్‌ఏపీ కలిసి అవుట్‌లుక్ వంటి ఆఫీస్ సాధనాలను ఎస్‌ఏపీతో కలిపే డ్యూయెట్ అనే సాఫ్ట్‌వేర్‌ను తెచ్చినప్పుడు సెలవు దరఖాస్తును అవుట్‌లుక్ నుంచే పంపే సౌకర్యం అందులో ఉంది. ఆ ఎంపిక నాకు ఇప్పటికీ సరైనదిగానే తోస్తుంది: అందరికీ తెలిసిన పని, పొరపాటు జరిగినా సరిదిద్దుకోగలిగిన పని. బిల్లుల జోలికి తర్వాత వెళ్లవచ్చు. అప్పుడు కూడా ఒక నెల లెక్కల ముగింపు పాత పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ జరిపి, రెండూ పైసాతో సహా సరిపోయిన తరువాతే పాత షీట్లను పక్కన పెట్టించు.