ఐపాడ్ వెలగడం లేదా? ముందు రికార్డింగులు, ఆ తరువాతే రిపేరు

ప్రశ్న: మా నాన్నగారు 2008లో కొనుక్కున్న ఐపాడ్ క్లాసిక్ అనే పాటల ప్లేయరు ఆయన పోయినప్పటి నుంచి బీరువాలోనే ఉండిపోయింది. దానికి చిన్న మైకు తగిలించి ఆయన పాడుకున్న పాటలు అందులో ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. మొన్న బయటికి తీసి లాప్‌టాప్‌కు కలిపి పావుగంట చూశాను. ఏ బటన్ నొక్కినా తెర నల్లగానే ఉంది. రీస్టోర్ చేస్తే బాగుపడుతుందని తెలిసినవారు అంటున్నారు. చేయించమంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: వద్దండీ. ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా సరే, మీ నాన్నగారి గొంతు మరో చోటికి చేరేదాకా రీస్టోర్ జోలికి వెళ్లకండి. రీస్టోర్ అంటే లోపలి డిస్కును తుడిచేసి సాఫ్ట్‌వేరును మళ్లీ మొదటి నుంచి ఎక్కించడం. ప్లేయరు వెలుగుతుంది గాని అందులో ఒక్క పాటా మిగలదు. పాత ప్లేయర్లు బాగు చేయించుకున్నవారు తరువాత కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ ప్లేయరు చెడిపోయిందని అప్పుడే అనుకోనక్కరలేదు. ఏళ్ల తరబడి పక్కన పెట్టిన లిథియం బ్యాటరీ తనంతట తానే ఖాళీ అవుతుంది. నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు చూపే బ్యాటరీ 3 వోల్టుల కంటే కిందికి జారితే ప్లేయరు లేవదు. అంత దిగజారిన బ్యాటరీలోకి ఒక్కసారిగా కరెంటు పంపితే ప్రమాదం కాబట్టి, చార్జింగు సర్క్యూటు మొదట చాలా కొద్దికొద్దిగా ఎక్కిస్తుంది. అంతసేపూ తెర మీద ఏమీ కనిపించదు. పావుగంట దీనికి ఏ మూలకూ చాలదు.

పైగా మీరు లాప్‌టాప్‌కు కలిపారు. కంప్యూటరు యూఎస్‌బీ పోర్టు తనకు తగిలించిన వస్తువు ఏమిటో తెలిసేదాకా 100 మిల్లీ ఆంపియర్లకు మించి ఇవ్వనక్కరలేదు. ఫలానా అని తెలిశాకే 500 దాకా ఇస్తుంది. పూర్తిగా ఖాళీ అయిన ప్లేయరుకు తానెవరో చెప్పుకునే ఓపిక కూడా ఉండదు. లాప్‌టాప్ నిద్రలోకి జారుకుంటే ఆ కాస్త కరెంటూ ఆగిపోవచ్చు. కాబట్టి గోడకు పెట్టే 5 వోల్టుల చార్జరే వాడండి.

చార్జరు పెట్టే ముందు మాత్రం ఒక్క పరీక్ష తప్పనిసరి. ప్లేయరును బల్ల మీద వెల్లకిలా పెట్టి పక్క నుంచి చూడండి. వెనుక రేకు ఉబ్బినా, ముందు పలకకూ రేకుకూ మధ్య సందు కనిపించినా లోపల బ్యాటరీ ఉబ్బిందన్నమాట. అప్పుడు చార్జింగు పెట్టకూడదు, నొక్కకూడదు, సూదితో పొడవకూడదు. నేరుగా బ్యాటరీ మార్చేవారి దగ్గరికే తీసుకువెళ్లండి.

ఉబ్బు లేకపోతే అడుగున ఉన్న వెడల్పాటి పోర్టులోకి టార్చి వేసి చూడండి. బీరువాలో పడి ఉన్నవాటిలో దుమ్ము, నూలుపోగులు గట్టిగా అతుక్కుపోయి ఉంటాయి. పుల్లతో మెల్లగా లాగేయండి, గుండుసూది వద్దు. 30 పిన్నుల పాత కేబులు కూడా లోపల తెగి ఉండవచ్చు, దొరికితే ఇంకొకటి పెట్టి చూడండి. ఆ తరువాత చార్జింగు పెట్టి కొన్ని గంటలు బటన్ల జోలికి పోకండి. బ్యాటరీ వేడెక్కుతోందేమో మాత్రం మధ్యమధ్య చేత్తో తాకి చూస్తుండండి. వేడెక్కితే వెంటనే తీసేయండి.

ఇక లేపడం. పైన హోల్డ్ మీట ఉంటుంది. నారింజ రంగు కనిపిస్తోందంటే బటన్లకు తాళం పడినట్లే. ఒకసారి హోల్డ్‌లోకి తోసి వెనక్కి తెండి. అప్పుడు మెనూ బటన్‌నూ చక్రం మధ్యలోని బటన్‌నూ కలిపి 6 నుంచి 8 సెకన్లు నొక్కి పట్టుకోండి. చార్జరు తీయకుండానే, బల్ల మీద ఉంచి చేయండి. మధ్య బటన్ నొక్కే వేలు చక్రం మీదికి జారితే ఫలితం ఉండకపోవచ్చు.

యాపిల్ గుర్తు కనిపించిందా? చెవి దగ్గర పెట్టుకుని వినండి. సన్నగా గిర్రుమనే చప్పుడు వస్తే డిస్కు తిరుగుతోంది, మంచిదే. టిక్ టిక్ మంటూ ఆగి ఆగి కొట్టుకుంటుంటే డిస్కు దెబ్బతింది. మళ్లీ మళ్లీ ప్రయత్నించకుండా అక్కడే ఆపేసి, డిస్కుల నుంచి డేటా తీసిచ్చే నిపుణులకు అప్పగించండి. ఖర్చవుతుంది. అయినా ఆ పాటలు ఇంకెక్కడా లేవన్నారు కదా, అందుకే ఈ సలహా.

గుర్తు దగ్గరే ఆగిపోయి ముందుకు కదలకపోతే డిస్క్ మోడ్ అనేది ఒకటుంది. మళ్లీ మెనూ, మధ్య బటన్ నొక్కి, గుర్తు కనిపించగానే వేళ్లు తీసి మధ్య బటన్‌నూ ప్లే బటన్‌నూ నొక్కి పట్టుకోండి. అప్పుడు కంప్యూటరుకు కలిపితే ప్లేయరు మామూలు పెన్‌డ్రైవులా కనిపిస్తుంది.

ఈ దశలోనే జాగ్రత్త మరింత అవసరం. ఐపాడ్‌లోకి పాటలు ఎక్కించే ఐట్యూన్స్ సాఫ్ట్‌వేరు తెరుచుకుని, ఉన్నది చెరిపి ఈ కంప్యూటరుతో సింక్ చేయమంటారా అని అడగవచ్చు. రద్దు నొక్కండి. మీ నాన్నగారు మాక్ కంప్యూటరు వాడి ఉంటే విండోస్‌కు ఆ డిస్కు చదవడం రాదు, ఫార్మాట్ చేయమంటారా అంటుంది. దానికీ రద్దే. మాక్ ఉన్నవారి దగ్గర ప్రయత్నించండి.

మైకుతో చేసుకున్నవి సాధారణంగా రికార్డింగ్స్ అనే ఫోల్డరులో విడిగా ఉంటాయి. కొనుక్కున్న పాటలేమో దాచి ఉంచిన ఫోల్డర్లలో అర్థంకాని నాలుగక్షరాల పేర్లతో కనిపిస్తాయి, కంగారు పడకండి. రికార్డింగులను ముందు కాపీ చేసి, ఒక్కొక్కటీ తెరిచి చివరిదాకా విని, రెండు వేర్వేరు చోట్ల దాచండి.

అదయ్యాక బ్యాటరీ మార్పించుకోండి. మూత తీసేవారికి ఒక మాట చెప్పండి. బ్యాటరీ తీగా హెడ్‌ఫోను తీగా వెనుక రేకుకే అంటిపెట్టుకుని ఉంటాయి, రెండు ముక్కలనూ విసురుగా విడదీస్తే కాగితంలా చినుగుతాయి. డిస్కు ముసలిదయిందనిపిస్తే దాని స్థానంలో మెమరీ కార్డు అమర్చే అడాప్టర్లూ ఉన్నాయి. రీస్టోర్ చేయవలసి వచ్చేది కూడా అప్పుడే. అప్పటికి రికార్డింగులు మీ దగ్గర భద్రంగా ఉంటాయి కనుక ధైర్యంగా చేయించండి.