పాత ప్రొఫెషనల్ డీఎస్‌ఎల్‌ఆర్ మేలా, కొత్త సూపర్‌జూమ్ మేలా?

వెలుతురు తక్కువగా ఉన్నచోట పదిహేనేళ్లు దాటినా సరే, లెన్స్‌లు మార్చుకోగల పెద్ద కెమెరా అయిన డీఎస్‌ఎల్‌ఆరే మేలు. పట్టపగలు దూరంలో ఉన్నవాటిని తీయాలంటే మాత్రం, ఎక్కువ జూమ్ ఉన్న లెన్స్‌తోనే వచ్చే చిన్న కెమెరా అయిన సూపర్‌జూమ్‌దే పైచేయి.

అసలు కారణం వెలుతురును పట్టుకునే సెన్సర్ సైజు. 2008లో వచ్చిన కెనాన్ 5డీ మార్క్ 2 సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. 2018 నాటి సూపర్‌జూమ్ కెనాన్ ఎస్ఎక్స్740లో ఉన్నది సుమారు 6.2×4.6 మిల్లీమీటర్లే, అంటే విస్తీర్ణంలో దాదాపు 30వ వంతు. దాని మీద పడే వెలుతురు కూడా ఆ మేరకే. పైగా జూమ్ చివరికి వెళ్లేసరికి లెన్స్ ఎఫ్/6.9కి పడిపోతుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది). ఇక ఫొటోను వెలుగుగా చేసే ఐఎస్ఓ సెట్టింగ్ పెంచక తప్పదు, పెంచితే ఫొటో నిండా నాయిజ్, అంటే చుక్కచుక్కల గరుకు.

నెల్లూరు రొట్టెల పండగే చూడండి. పొద్దుగూకాక స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకునేవాళ్ల ముఖాలు 5డీకి మామూలు 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ తగిలించినా శుభ్రంగా వస్తాయి. సూపర్‌జూమ్‌లో నాయిజ్ తగ్గించే ప్రయత్నంలో కనుబొమలు, తడి వెంట్రుకలు అన్నీ అలుక్కుపోతాయి. అదే సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రంలో ఎండపూట చెట్టు మీది గూడబాతును తీయాలంటే, 300 గ్రాముల ఎస్ఎక్స్740 ఇచ్చే 960 ఎంఎంకు సమానమైన జూమ్ 5డీకి కావాలంటే లక్షలు పోయాలి, కిలోల బరువు మోయాలి.

చాలామంది మెగాపిక్సెళ్లు చూసి కొంటారు. ఈ రెండింటిలో అవి 21, 20. తేడా అక్కడ లేనే లేదు. పాత బాడీ కొనేవాళ్లు అంతకన్నా షట్టర్ ఎంత అరిగిందో చూసుకోవడం నయం.