విదేశీ వాచీ తెప్పిస్తే నిజంగా చవకేనా?

చాలాసార్లు కాదు, ఎందుకంటే సైట్‌లో కనిపించే ధరలో సాధారణంగా మన దిగుమతి సుంకం, జీఎస్టీ కలిసి ఉండవు. కస్టమ్స్ వాళ్లు వాచీ ధరకు రవాణా, బీమా ఖర్చులు కలిపి ఆ మొత్తంపై సుంకం వేస్తారు. తర్వాత సుంకంతో సహా తేలిన మొత్తంపై 18 శాతం జీఎస్టీ. అంటే పన్ను మీద పన్ను.

నల్గొండకు రవాణాతో కలిపి 10,000 రూపాయల వాచీ తెప్పించారనుకోండి. సుంకం బడ్జెట్లలో మారుతుంటుంది, లెక్క కోసం 20 శాతం అనుకుందాం. 12,000 అయింది, దానిపై జీఎస్టీ 2,160. పార్శిల్ గుమ్మం దగ్గరికొచ్చేసరికి 14,160. అదే క్లాక్ టవర్ సెంటర్‌లో కొంటే ఎమ్మార్పీలోనే పన్నులన్నీ ఉంటాయి.

'గిఫ్ట్' అని రాయిస్తే పన్ను పడదనుకోవడం పొరపాటు. 5,000 రూపాయల వరకు ఉన్న ఆ మినహాయింపును 2019 డిసెంబర్‌లోనే తీసేశారు.