గోడ, కాగితం, మట్టి అక్షరాలు: చైనా మీద మీ ప్రశ్నలు

ప్ర: చైనా గోడ చంద్రుడి మీద నుంచి కూడా కనిపిస్తుందని మా చిన్నప్పుడు బళ్లో చెప్పారు. మా అబ్బాయేమో అది అబద్ధం అంటున్నాడు. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకురాలు, తెనాలి

జ: మీ అబ్బాయి మాటే నిజం. గోడ పొడవు వేల కిలోమీటర్లే కానీ వెడల్పు కొద్ది మీటర్లే, పైగా రంగు చూస్తే చుట్టుపక్కల రాళ్లూ మట్టీ రంగే. 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న చంద్రుడి సంగతి అలా ఉంచండి, 2003లో అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి చైనా వ్యోమగామి యాంగ్ లివేయ్ భూమి చుట్టూ తిరిగొచ్చి, నాకైతే గోడ కనిపించలేదనే చెప్పాడు. మీ అబ్బాయికి ఇంకో సంగతి చెప్పండి. మింగ్ రాజుల కాలంలో కట్టిన గోడ భాగాల్లో, ఇటుకలు అతికించే సున్నంలో జిగురు బియ్యపు గంజి కలిపారు. మన పాత కట్టడాల గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ వేసేవారు కదా, అలాగన్నమాట.

ప్ర: కాగితం కనిపెట్టింది త్సాయ్ లున్ అని పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉంది. ఆయనకన్నా ముందే ఉందని ఒకచోట చదివాను. ఒకటే టెన్షన్. పరీక్షలో ఏం రాయాలి?
– ఒక అభ్యర్థి, కరీంనగర్

జ: పరీక్షలో త్సాయ్ లున్, క్రీ.శ. 105 అనే రాయండి, మార్కు పోగొట్టుకోవద్దు. మీరు చదివింది కూడా సరైనదే. చైనాలోని గాన్సు ప్రాంతంలో ఫాంగ్‌మాతాన్ అనేచోట ఒక సమాధిలో మ్యాపు గీసిన కాగితం ముక్క దొరికింది, అది త్సాయ్ లున్‌కు రెండు వందల ఏళ్లకు పైగా ముందుది. మరి చక్రవర్తి కొలువులో అధికారి అయిన త్సాయ్ లున్ చేసిందేమిటంటే, చెట్టు బెరడు, జనపనార, చిరిగిన గుడ్డలు, పాత చేపల వలలు, ఇలా పారేసే సరుకునే నానబెట్టి దంచి గుజ్జు చేసి, మంచి కాగితం చౌకగా తీసే పద్ధతి కుదిర్చి చక్రవర్తికి చూపించాడు. అంతకుముందు రాయాలంటే పట్టు గుడ్డ కావాలి, లేదంటే వెదురు బద్దలు. పట్టు ఖరీదు, వెదురు బరువు. చైనా మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ రోజూ చూడాల్సిన దస్తావేజులను తూకం వేయించి, ఆ తూకం పూర్తయ్యేదాకా లేచేవాడు కాదని పాత చరిత్రలో ఉంది. ఇంతమంది చేతికి రాసుకునే సాధనం ఇచ్చిన త్సాయ్ లున్ చివరికి అంతఃపుర కుట్రల్లో ఇరుక్కుని, విచారణకు వెళ్లలేక 121లో విషం తాగి చనిపోయాడు. ఈ ముక్క మన గైడ్లలో ఉండదు, అదే నాకు బాధ.

ప్ర: నేను ముప్పై ఏళ్లు ప్రెస్సులో సీసపు అక్షరాలు కంపోజ్ చేశాను. అచ్చు చైనాలోనే ముందు పుట్టిందంటారు, మరి పేరంతా గుటెన్‌బర్గ్‌కు ఎందుకొచ్చింది?
– ఒక విశ్రాంత కార్మికుడు, రాజమండ్రి

జ: అయ్యా, మీ ఉత్తరం చూసి చాలా సంతోషించాను, ఇది మీలాంటి పనివాడి కథే. 1040ల్లో బి షెంగ్ అనే మామూలు మనిషి, అధికారం లేదు, పదవీ లేదు, తడి మట్టి మీద ఒక్కో అక్షరం చెక్కి నిప్పుల్లో కాల్చాడు. ఇనుప పలక మీద దేవదారు జాతి చెట్ల జిగురు, మైనం, కాగితం బూడిద కలిపి పరిచి, పైన అక్షరాలు పేర్చి, వేడి చేసి, చదును పలకతో నొక్కేవాడు. రెండు పలకలు పెట్టుకుని ఒకదాంతో అచ్చు వేస్తుంటే రెండోదాని మీద కంపోజింగ్ సాగేది. పని అయ్యాక మళ్లీ వేడి చేస్తే అక్షరాలు ఊడివచ్చేవి. చెక్కతో ఎందుకు చేయలేదంటే చెక్క తడి పీల్చి ఎగుడుదిగుడవుతుంది, జిగురుకూ అతుక్కుపోతుంది. తరచుగా వచ్చే అక్షరాలకు ఇరవైకి పైగా అచ్చులు ఉంచుకునేవాడు, మీ కేసుల్లో, అంటే అక్షరాలు పోసుకునే అరల పెట్టెల్లో, ఎక్కువ వాడే అక్షరాలు ఎక్కువ పోసుకున్నట్టు. ఇదంతా షెన్ క్వో అనే పండితుడు రాసిపెట్టబట్టి మనకు తెలుస్తోంది, లేకపోతే ఆ పేరే మిగిలేది కాదు.

జర్మనీలో గుటెన్‌బర్గ్ అచ్చు వేసిన బైబిలు వచ్చింది 1455 ప్రాంతంలో, అంటే నాలుగు వందల ఏళ్ల తర్వాత. లోహపు అక్షరాల్లో కూడా కొరియా వాళ్లే ముందు, వాళ్ల బౌద్ధ గ్రంథం ఒకటి 1377లో అచ్చయింది. కానీ చైనా లిపికి వేల అక్షరాలు కావాలి. తెలుగు గుణింతాలూ వత్తులతోనే కేసులు ఎలా నిండిపోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు, అక్కడ దానికి ఎన్నో రెట్లు. అందుకే వాళ్లకు పేజీకో చెక్క దిమ్మ చెక్కి దాచుకోవడమే తేలికగా ఉండి, వందల ఏళ్లు అలాగే సాగించారు. గుటెన్‌బర్గ్‌కు లిపి కలిసొచ్చింది, అచ్చు యంత్రం తోడైంది. ఆయన గొప్పతనం తగ్గించనక్కర్లేదు, బి షెంగ్ పేరు కూడా పక్కన ఉండాలంతే.

చెక్క దిమ్మల అచ్చులో తేదీ ఉన్న పాత పుస్తకం ఒకటి లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, వజ్రచ్ఛేదిక అనే బౌద్ధ సూత్రం, తేదీ 868 మే 11. సంస్కృతం నుంచి చైనా భాషలోకి మార్చింది కుమారజీవుడు. నాగార్జునుడి మాధ్యమిక గ్రంథాన్ని కూడా చైనా వాళ్లకు అందించింది ఈయనే.

ప్ర: హ్యుయాన్ త్సాంగ్ మన అమరావతికి వచ్చాడా? వస్తే ఇక్కడ ఏం చేశాడు?
– ఒక ఉపాధ్యాయురాలు, గుంటూరు

జ: వచ్చాడు. అప్పట్లో ధాన్యకటకం అనేవారు, అమరావతి, ధరణికోట ప్రాంతమే. ఆరామాలు చాలావరకు పాడుబడ్డాయనీ, ఇరవై దాకా మిగిలాయనీ, వెయ్యి మంది వరకు భిక్షువులు ఉన్నారనీ రాశాడు. చూసి వెళ్లిపోలేదు, కొన్ని నెలలు ఉండి ఇక్కడి ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం, అంటే బౌద్ధ తత్వ విశ్లేషణ, చదువుకుని, తనకు తెలిసిన మహాయాన శాస్త్రాలు వాళ్లకు చెప్పాడు. పిల్లలకు యాత్రికుడని మాత్రమే చెబుతున్నాం, మన నేల మీద కూర్చుని చదువుకున్న విద్యార్థి అని కూడా చెప్పండి.

645లో 657 గ్రంథాలతో తన దేశం చేరాడు. అయితే తిరుగు ప్రయాణంలో సింధు నది దాటేటప్పుడు పడవ కుదుపులకు కొన్ని ప్రతులు నీళ్లపాలయ్యాయి. అవి ఆయన మనసులోంచి పోలేదు. ఏళ్ల తర్వాత నలందలోని భిక్షువుకు ఉత్తరం రాస్తూ, పోయిన గ్రంథాల జాబితా కూడా జతచేసి, వీలైతే ప్రతులు పంపమని అడిగాడు.