ఆవిర్లు, నిద్రలేని రాత్రులు, ఆగిపోయాక మళ్లీ రక్తం: డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

ఈ నెల ఉత్తరాలు చాలావరకు నలభై దాటిన ఆడవాళ్ల నుంచి, వాళ్ల ఇళ్లలోని వాళ్ల నుంచి వచ్చాయి. అందులో నాలుగింటికి జవాబు రాస్తున్నాను. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: మేడం, నాకు 47 ఏళ్లు. ఆదోనిలో మాకు చిన్న హోటలుంది, పొద్దున పూట ఉగ్గాని, బజ్జీ వేస్తాం. ఏడాదిగా నెలసరి ఒక నెల వస్తే రెండు నెలలు రావట్లేదు. ఉన్నట్టుండి ఛాతీ దగ్గర మొదలై మెడ, మొహం, చెవులు భగ్గుమంటాయి, జాకెట్ తడిసి ఒంటికి అతుక్కుపోతుంది, గుండె దడదడలాడుతుంది. నూనె బాణలి ముందు నిలబడతా కదా, అందుకే అనుకున్నా. కానీ డిసెంబరులో కూడా రాత్రి రెండింటికి లేచి, దుప్పటి తన్నేసి వరండాలో బండల మీద పడుకుంటున్నా. కాసేపటికే మళ్లీ వణుకు. నిద్ర లేక గిరాకీల మీద అరుస్తున్నా, చిల్లర లెక్క తప్పుతున్నా. గుండె డాక్టరుకు చూపిస్తే ఈసీజీ, ఎకో నార్మల్ అని, టెన్షన్ తగ్గించుకోమని నిద్రమాత్ర రాశారు. ఇంట్లోవాళ్లేమో "ఎండ ఊరందరికీ ఉంది, నీకొక్కదానికేనా" అంటారు. మా వదిన "ముట్లు ఆగేముందు అందరికీ ఇంతే, రెండేళ్లు ఓర్చుకో" అంటోంది. ఓర్చుకోవాల్సిందేనా? – ఒక సోదరి, ఆదోని

జవాబు: ఓర్చుకోవాల్సిన పని లేదమ్మా. మీరు రాసింది చదివితే మెనోపాజ్‌కు ముందు దశ అని దాదాపుగా చెప్పేయొచ్చు. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు. మన దేశంలో అది సగటున 46, 47 ఏళ్లకే వస్తుంది. కానీ ఇబ్బందులు అప్పటిదాకా ఆగవు, నాలుగైదేళ్ల ముందే మొదలవుతాయి. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ అవుతూ చివరికి పడిపోతుంది. మెదడులో ఒంటి వేడిని అదుపులో పెట్టే చోటు దాంతో తికమకపడి, చిన్నపాటి వెచ్చదనానికే ఒళ్లంతా ఉడికిపోతున్నట్టు రక్తనాళాలను తెరిచేసి, చెమట పట్టించేస్తుంది. ఆ వెనకే చలి. మీకు డిసెంబరు రాత్రి జరుగుతున్నది ఇదే. కర్నూలు ఎండకు దీంతో సంబంధం లేదు. బాణలి ముందు నిలబడితే ఎక్కువయ్యే మాట మాత్రం నిజమే.

"రెండేళ్లు ఓర్చుకో" అన్న మాట నేను ఓపీలో రోజూ వింటాను, విన్నప్పుడల్లా బాధేస్తుంది. ఈ ఆవిర్లు సగటున ఏడేళ్ల దాకా సాగుతాయి, కొందరికి పదేళ్లు దాటతాయి. అన్నేళ్లు నిద్ర లేకుండా తెల్లవారుజామునే లేచి హోటలు నడపమని ఎవరికైనా ఎలా చెప్తాం? మందు లేని జబ్బయితే సరే, దీనికి మందుంది.

గుండె చూపించుకోవడం మంచిదే, ఆ డబ్బు వృథా కాలేదు. ఇప్పుడు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. 45 దాటి, నెలసరి గతి తప్పి, ఆవిర్లు వస్తుంటే మెనోపాజ్ అని తేల్చడానికి హార్మోన్ పరీక్షలు అక్కర్లేదు. ఎఫ్ఎస్‌హెచ్ (అండాశయాలను పనిచేయించే హార్మోన్) రోజుకో రకంగా ఉంటుంది, ఆ డబ్బు మిగుల్చుకోండి. చేయించాల్సినవి వేరే: థైరాయిడ్ (దడ, చెమట, చిరాకు దానికీ ఉంటాయి), హిమోగ్లోబిన్, షుగర్, బీపీ. నెలసరి వచ్చినప్పుడు గడ్డలు గడ్డలుగా పోతున్నా, వారం దాటి ఆగకపోయినా, మధ్యమధ్యలో కనిపిస్తున్నా అది కూడా "ఈ వయసుకి మామూలే" అని వదిలేయకూడదు. స్కానింగ్, అవసరమైతే గర్భసంచి లోపలి పొర ముక్క పరీక్ష చేయించాలి.

ఆవిర్లకు అన్నిటికంటే బాగా పనిచేసేది హార్మోన్ చికిత్స. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ తప్పనిసరిగా ఇస్తాం, లేకపోతే లోపలి పొర మందమై క్యాన్సర్ ప్రమాదం పెరుగుతుంది. మాత్రగా వాడొచ్చు, చర్మానికి రాసుకునే జెల్‌గానూ వాడొచ్చు. జెల్‌తో రక్తం గడ్డకట్టే భయం మాత్ర కంటే తక్కువ.

"హార్మోన్లు వాడితే క్యాన్సర్ వస్తుందంట కదా" అని మీరు అడగకపోయినా ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, కాబట్టి ఇప్పుడే చెప్తాను. ఆ భయం అమెరికాలో జరిగి, 2002లో ఫలితాలు బయటికొచ్చిన ఒక పెద్ద పరిశోధన నుంచి వచ్చింది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టెరాన్ లాంటి మందు) కలిపి వాడిన పది వేల మందిలో ఏడాదికి 8 మందికి అదనంగా రొమ్ము క్యాన్సర్ వచ్చినట్టు తేలింది. ఆ 8 లెక్కలోకి రాదని నేను అనను. కానీ అందులో చేరినవాళ్ల సగటు వయసు 63. మెనోపాజ్ దాటి పదేళ్లయినవాళ్లకు, మీలాగా ఇప్పుడే దాని గుమ్మంలో ఉన్నవాళ్లకు లెక్క ఒకటే కాదని తర్వాత తెలిసింది. 60 లోపు గానీ, మెనోపాజ్ వచ్చిన పదేళ్ల లోపు గానీ మొదలుపెడితే చాలామందికి నష్టం కంటే లాభమే ఎక్కువ. ఆలస్యం చేయొద్దని నేను పోరేది అందుకే. 65కి వచ్చి "ఇప్పుడు ఇవ్వండి" అంటే మా చేతిలో అంత వెసులుబాటు ఉండదు.

అందరికీ ఇవ్వం. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లకు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకు, లివర్ జబ్బు ముదిరినవాళ్లకు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. అలాంటివాళ్లూ ఊరికే వెనక్కి వెళ్లక్కర్లేదు. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు తక్కువ డోసులో, లేదా నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్, ఆవిర్లను బాగానే తగ్గిస్తాయి. ఆ చీటీ చూసి "నాకు పిచ్చి అనుకున్నారా" అని నొచ్చుకోకండి, అది ఆవిర్ల కోసం రాసిందే.

ఇక ఓపీలో ఎలా చెప్పాలన్నది. మనవాళ్లు చాలామంది డాక్టరు ముందు కూర్చోగానే "నీరసంగా ఉంది, కళ్లు తిరుగుతున్నాయి" అని ఆపేస్తారు. బయట జనం, పక్కన మగవాళ్లు, నెలసరి సంగతి నోటికి రాదు. బీకాంప్లెక్స్ చీటీతో బయటికి వస్తారు, లేదా ఊళ్లో గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుంటారు. గ్లూకోజ్‌తో ఆవిర్లు తగ్గవమ్మా. మీరు నోరు తెరిచి మొదట చెప్పాల్సిన మాట "నాకు నెలసరి గతి తప్పింది, ఒంట్లో ఆవిర్లు వచ్చి రాత్రి నిద్ర పట్టట్లేదు" అని. ఇంటి దగ్గరే ఒక కాగితం మీద రాసుకెళ్లండి: చివరి నెలసరి తేదీ, ఆవిర్లు రోజుకి ఎన్నిసార్లు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఏ మాత్రలు వాడుతున్నారు, అమ్మకో అక్కకో రొమ్ము క్యాన్సర్ ఉందా. ఆ కాగితం ఇచ్చేస్తే చాలు, సిగ్గుపడుతూ చెప్పే పని తప్పుతుంది. ఆదోని ప్రభుత్వాసుపత్రిలో గైనిక్ డాక్టరుకు చూపించండి, లేదా కర్నూలు పెద్దాసుపత్రికి పొద్దున్నే ఓపీ టైముకు రండి. రెండు మూడు వారాలు వాడాక తగ్గకపోతే అదే డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లండి. డోసు మార్చాల్సి రావడం మామూలే. నిద్రమాత్ర రోజూ వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, దాని సంగతి కూడా చెప్పి వాళ్లు చెప్పినట్టు తగ్గించండి.

ప్రశ్న: డాక్టరు గారూ, మా అత్తకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. ముట్లు ఆగి ఏడేళ్లయింది. పోయిన నెల రెండు రోజులు కొంచెం ఎర్రగా కనిపించిందని నాకొక్కదానికే చెప్పింది. మళ్లీ మొన్న కనిపించింది. "వేడి చేసింది, మీ మామకు చెప్పొద్దు, సబ్జా గింజలు తాగితే పోతుంది" అంటోంది. ఇంట్లో పెళ్లి ఉంది, అయ్యాక చూపిద్దాం అంటోంది. ఏం చేయమంటారు? – ఒక కోడలు, ప్రొద్దుటూరు

జవాబు: పెళ్లి దాకా ఆగొద్దు తల్లీ. ఈ వారంలోనే తీసుకెళ్లండి.

ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా, గులాబీ రంగులో మరకలా ఉన్నా, చూపించుకుని తీరాలి. చాలామందిలో కారణం చిన్నదే: లోపలి పొర పలచబడి ఉండొచ్చు, చిన్న పాలిప్ (పిలకలాంటి కండ) ఉండొచ్చు. కానీ ఇలా వచ్చిన పదిమందిలో దాదాపు ఒకరికి గర్భసంచి పొర క్యాన్సర్ ఉంటుంది. షుగర్, అధిక బరువు ఉన్నవాళ్లకు ఆ అవకాశం ఇంకాస్త ఎక్కువ. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈ క్యాన్సర్ రక్తం చూపించి ముందే చెప్పేస్తుంది కాబట్టే తొందరగా దొరుకుతుంది, తొందరగా దొరికితే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది. అది చెప్పినా మనం సబ్జా గింజలతో ఊరుకుంటేనే ప్రమాదం.

అక్కడ ఏం చేస్తారో అత్తకు ముందే చెప్పండి, సగం భయం అక్కడే పోతుంది. గర్భసంచి ముఖద్వారం చూస్తారు. లోపలి నుంచి స్కానింగ్ చేసి పొర మందం కొలుస్తారు. 4 మిల్లీమీటర్ల కంటే ఎక్కువుంటే, లేదా రక్తం మళ్లీ మళ్లీ వస్తుంటే, సన్నటి గొట్టంతో చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపుతారు. ఆ ముక్క తీసేటప్పుడు కాసేపు ముట్టునొప్పిలాంటి నొప్పి ఉంటుంది, చాలామంది అదే రోజు ఇంటికొచ్చేస్తారు. మీ అత్తకు మళ్లీ వచ్చింది కాబట్టి స్కానింగ్ నార్మల్ అన్నా "ముక్క పరీక్ష అవసరమా" అని మీరే అడగండి. ప్రొద్దుటూరులో గైనకాలజిస్టులు ఉన్నారు, కాకపోతే కడప రిమ్స్‌కు వెళ్లండి. మామకు ఇప్పుడే చెప్పడం ఇష్టం లేకపోతే షుగర్ చెకప్ అని చెప్పి బయల్దేరండి, ఎలాగూ షుగర్ కూడా చూడాల్సిందే. రిపోర్టు చేతికి రాకుండా మాత్రం వదిలేయకండి.

ప్రశ్న: నాకు 38. కళ్యాణదుర్గం దగ్గర పల్లె. తెల్లబట్ట, నడుం నొప్పి అని పోతే ఐదేళ్ల కింద ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి తీసేశారు. అప్పటి నుంచి ఆవిర్లు, కీళ్ల నొప్పులు. చెనక్కాయ చెట్లు పీకేటప్పుడు వేళ్లు ముడవలేకపోతున్నా. ఊరికే ఏడుపొస్తుంది. మా ఆయన దగ్గరికి రావాలన్నా మంటకు భయం. మా అమ్మ కంటే నేనే ముసలిదాన్నయినట్టుంది. – అనంతపురం జిల్లా

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. 33 ఏళ్లకు, తెల్లబట్టకు, గర్భసంచి తీయాల్సిన అవసరం దాదాపుగా ఎప్పుడూ ఉండదు. మందులతో తగ్గేది అది. మిగతా రాష్ట్రాలతో పోలిస్తే గర్భసంచి ఆపరేషన్లు మన ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఎక్కువని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా కనిపిస్తుంది. "ఎలాగూ కాన్పులయ్యాయి కదా, తీసేస్తే క్యాన్సర్ భయం ఉండదు" అని ఒప్పించేస్తారు. ఇది చదువుతున్నవాళ్లు ఎవరికైనా అలా చెప్పి ఉంటే, ఇంకో డాక్టరు మాట వినకుండా సంతకం పెట్టొద్దని చేతులెత్తి అడుగుతున్నాను.

ఇప్పుడు నీ సంగతి. ఇంట్లో బీరువాలోనో ట్రంకుపెట్టెలోనో ఆ ఆసుపత్రి ఫైలు ఉంటుంది, అందులో డిశ్చార్జి కాగితం తియ్యి. ఆపరేషన్ పేరు దగ్గర ఉత్త "టీఏహెచ్" అని ఉంటే గర్భసంచి మాత్రమే తీసినట్టు. పక్కన "బీఎస్‌ఓ" అని కూడా ఉంటే రెండు అండాశయాలూ తీసేసినట్టు. చదవడం రాకపోతే ఏఎన్ఎమ్‌కు చూపించు. ఫైలు పోయినా పరవాలేదు, నీ విషయంలో ఎఫ్ఎస్‌హెచ్ పరీక్ష పనికొస్తుంది, ఎందుకంటే నెలసరి చూసి తెలుసుకునే దారి నీకు లేదు. అండాశయాలు ఉంచినా, గర్భసంచి తీశాక అవి కొన్నేళ్లు ముందే అలసిపోవచ్చు.

అండాశయాలు లేవని, లేదా పనిచేయట్లేదని తేలితే నీకు హార్మోన్ చికిత్స ఆవిర్ల కోసమే కాదు, ఎముకల కోసం, గుండె కోసం కూడా కావాలి. ఒంట్లో ఉండాల్సిన ఈస్ట్రోజెన్ పదిహేనేళ్ల ముందే పోయింది కాబట్టి ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు, రెండూ తొందరగా వస్తాయి. ఇంతకుముందు చెప్పిన అడ్డంకులు లేకపోతే మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా, అంటే 50 దగ్గరి దాకా వాడమంటాం. గర్భసంచి లేదు కాబట్టి నీకు సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. ఆదోని సోదరికి చెప్పిన క్యాన్సర్ లెక్క నీకు వర్తించదు, అది వయసు పైబడినవాళ్లది.

ఎముకలకు మన రాగిసంగటి నిజంగా బలమే. వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, రోజుకి కావాల్సింది 1000 నుంచి 1200. పాలో పెరుగో కలిపితే చాలావరకు సరిపోతుంది, మిగిలింది మాత్రతో. విటమిన్ డి చూపించుకో. వేళ్ల నొప్పికి వాతం పరీక్షలు కూడా ఒకసారి చేయించాలి, పొద్దున లేవగానే గంటసేపు బిగుసుకుపోతుంటే తప్పకుండా. అనంతపురం పెద్దాసుపత్రి గానీ, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి గానీ నీకు అందుబాటులో ఉంటాయి. ఏడుపు ఆగకపోతే, బతకాలనిపించకపోతే, ఆ రోజే 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: నేను కడపలో టీచర్ని, 53 ఏళ్లు. మూడేళ్లుగా యూరిన్ మంట తిరగబెడుతూనే ఉంది. ప్రతిసారీ మందుల షాపులో యాంటీబయాటిక్ తెచ్చుకుంటున్నా. స్కూల్లో బాత్రూంకి పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేశా. – కడప

జవాబు: ఈ వయసులో ఇది చాలామందికి ఉంటుంది, కానీ మెనోపాజ్ వల్ల అని ఎవరూ అనుకోరు. ఈస్ట్రోజెన్ తగ్గితే మూత్రనాళం, యోని చుట్టూ చర్మం పలచబడి ఎండిపోతుంది, సూక్ష్మజీవులు సులువుగా చేరతాయి. ఒక్కోసారి ఇన్‌ఫెక్షనే ఉండదు, ఆ పొడిదనానికే మంట పుడుతుంది. అప్పుడు యాంటీబయాటిక్ ఎన్ని కోర్సులు వాడినా ఏం లాభం?

దీనికి లోపల పెట్టుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఉంది. మొదట రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. డోసు చాలా తక్కువ, రక్తంలోకి వెళ్లేది నామమాత్రం. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం తమ క్యాన్సర్ డాక్టరును అడిగాకే వాడాలి. ఆవిర్లు కాలంతో పాటు తగ్గుతాయి గానీ ఈ పొడిదనం దానంతటది తగ్గదు, ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. నీళ్లు తాగడం మానేయొద్దు, మంట ఇంకా ఎక్కువవుతుంది. ఈసారి మంట మొదలవగానే మాత్ర వేసుకోకముందే యూరిన్ కల్చర్‌కు (ఏ సూక్ష్మజీవి ఉందో చూసే పరీక్షకు) ఇచ్చి, ఆ రిపోర్టుతో గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి ఉంటే మాత్రం రిపోర్టు కోసం ఆగకండి, అదే రోజు చూపించుకోండి.