కేబుల్ బిగిస్తూ పోతే బ్రేకు బాగుపడదు

ప్రశ్న: అన్నా, నాది రెండేళ్ల కింద కొన్న గేర్ల సైకిల్. రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులే, కేబుల్‌తో పనిచేసేవి. ఈ మధ్య లివర్ హ్యాండిల్‌కు తగిలేదాకా నొక్కినా సరిగ్గా ఆగడం లేదు, పైగా కీచుమని ఒకటే మోత. షాపులో రెండుసార్లు కేబుల్ బిగించారు, చెయిన్‌కు ఆయిల్ కూడా కొట్టారు, నాలుగు రోజులకే మళ్లీ అంతే. శివరాత్రికి దోస్తులతో కలిసి శ్రీశైలం సైకిల్ మీద పోవాలని ఉంది. కేబుల్ బదులు ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు వేయించాలా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: తమ్ముడూ, ఇప్పుడే అంత డబ్బు పెట్టకు. బ్రేకు పట్టకపోవడం, కీచుమనడం, ఈ రెండూ కలిసి వచ్చాయంటే ముందు ప్యాడ్లనే, అంటే డిస్క్‌ను రెండు వైపులా నొక్కి ఆపే బిళ్లలనే, అనుమానించాలి. చెయిన్‌కు స్ప్రే కొట్టినప్పుడు ఆ తుంపర వెనక డిస్క్ మీద పడుతుంది, కంటికి కూడా కనిపించదు. నేనూ ఒకసారి ఇంట్లో అలాగే డిస్క్‌కు బట్ట కప్పకుండా కొట్టేసి మర్నాడు దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతుంటే, రెండు లివర్లూ గట్టిగా పట్టుకున్నా బండి జారుతూనే పోయింది, చివరికి మలుపు ముందు కాళ్లు రోడ్డుకు రాసి ఆపాను. ఆ భయం ఇప్పటికీ పోలేదు, అందుకే ఇంత చెప్తున్నా.

చక్రం తీసి ప్యాడ్లు బయటికి లాగు. రాపిడి పొర అర మిల్లీమీటరుకు వచ్చిందంటే మార్చేయాల్సిందే. నూనె పీల్చి నల్లగా, జిడ్డుగా ఉన్నా అంతే, స్టవ్ మీద కాల్చితే పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకు. జిడ్డేమీ లేకుండా పైన అద్దంలా మెరుస్తుంటే మాత్రం ఉప్పు కాగితం మీద రెండు రుద్దులు రుద్దితే చాలు. డిస్క్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రమైన నూలు గుడ్డ పెట్టి తుడువు, తర్వాత వేళ్లు తగలనివ్వకు.

ఇక షాపులో జరిగిన అసలు పొరపాటు. కేబుల్ బ్రేకుల్లో చాలావాటికి బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది, స్పోకుల వైపుది ఉన్నచోటే ఉంటుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆ లోపలి ప్యాడ్‌ను దాని స్క్రూ తిప్పి డిస్క్ దగ్గరికి తేవాలి, అది వదిలేసి కేబుల్ ఒక్కటే బిగిస్తూ పోతే కాలిపర్ (ప్యాడ్లను పట్టి ఉంచే భాగం) మీద కేబుల్ లాగే చిన్న చెయ్యి ముందే సగం లాగి ఉంటుంది, నువ్వు నొక్కినప్పుడు అది పోవడానికి జాగా ఉండదు. కాబట్టి కేబుల్ వదులు చేసి ఆ చెయ్యిని పూర్తిగా వెనక్కి పోనివ్వు. లోపలి స్క్రూను డిస్క్‌కు తగిలేదాకా తిప్పి, రాపిడి పోయేంత వరకే వెనక్కి తిప్పు. కాలిపర్ వెనక తెల్ల కాగితం పెట్టి చూస్తే సన్నటి సందు బాగా కనిపిస్తుంది. ఆ తర్వాతే కేబుల్ బిగించు, తుప్పు పట్టి ఉంటే ఔటర్‌తో (పై తొడుగుతో) సహా మార్చు, అది పెద్ద ఖర్చేం కాదు.

కొత్త ప్యాడ్లు మొదట్లో పట్టవు, కంగారు పడకు. ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి నడక వేగానికి, చక్రం పూర్తిగా లాక్ కాకుండా, ఒక ఇరవైసార్లు తగ్గించు, పట్టు వస్తుంది.

ఘాట్‌లో బ్రేకు అదేపనిగా పట్టుకునే ఉండకు, మలుపుకు ముందు గట్టిగా నొక్కి వదిలెయ్, డిస్క్‌కు గాలి తగలాలి. ఆగిన వెంటనే దాన్ని ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది. శివరాత్రికి ముందు ఒకసారి డిండి దాకా పోయిరా. అప్పటికీ పట్టు చాలకపోతే మళ్లీ రాయి, హైడ్రాలిక్ సంగతి అప్పుడు చూద్దాం.